ఆమ్కాకు 15 వేల కోట్లు: లెక్క అక్కడితో ఆగదు

ఐదో తరం యుద్ధవిమానం ఆమ్కా కోసం భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ 2024 మార్చిలో సుమారు 15,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఇది విమానాల ధర అని చాలామంది అనుకుంటున్నారు. కాదు. డిజైన్‌కు, ఐదు నమూనా విమానాలకు, వాటి పరీక్షలకు అయ్యే ఖర్చు మాత్రమే. వైమానిక దళం కొనే విమానాల లెక్క వేరు.

ఇంకా తయారుకాని విమానానికి ధర కట్టేదెలా? పాత విమానం ఖర్చుతో పోలుస్తారు. లేదా బరువు, వేగం వంటి లక్షణాలను బట్టి లెక్కగడతారు. డిజైన్ ఖరారయ్యాక ఒక్కో భాగానికీ, పనిగంటకూ విడిగా వేసి కూడతారు. చివరిదే నమ్మదగింది. కానీ మంజూరు నాటికి అది చేతిలో ఉండదు. పోల్చడానికి పాతది లేని చోట అంచనా తప్పుతుంది.

కావేరి ఇంజన్ ఇందుకు ఉదాహరణ. 1989లో 383 కోట్లతో మొదలైన ప్రాజెక్టు అంచనా తర్వాత 2,839 కోట్లకు చేరిందని కాగ్ తేల్చింది. అయినా తేజస్‌కు ఆ ఇంజన్ అందలేదు. పాతదాన్ని బాగుచేయడంలోనూ ఇదే కథ. గోర్ష్‌కోవ్ నౌక మరమ్మతుకు 2004లో కుదిరిన ధర 97.4 కోట్ల డాలర్లు. విప్పి చూశాక పని పెరిగింది, ధర 230 కోట్ల డాలర్లు దాటింది. 2008లో రావలసిన నౌక విక్రమాదిత్య పేరుతో 2013లో మన చేతికొచ్చింది.

కొనడంతో ఖర్చు తీరిపోదు. సుఖోయ్‌లకు 240 ఇంజన్ల కోసం 2024లో 26,000 కోట్లకు పైగా ఒప్పందం కుదిరింది. అంటే ఒక్కో ఇంజన్‌కు వంద కోట్ల పైమాట. మనవాళ్లు తరాలుగా ఉంటున్న ఒడిశాలోని కోరాపుట్‌లో హాల్ వాటిని తయారుచేస్తోంది. విమానం ఎగిరినన్నాళ్లూ ఇలాంటి బిల్లులు వస్తూనే ఉంటాయి.

అంచనా తప్పితే పోయేది డబ్బొక్కటే కాదు. బడ్జెట్ పెరగకపోతే విమానాల సంఖ్య తగ్గుతుంది. వైమానిక దళానికి మంజూరైనవి 42 స్క్వాడ్రన్లు. 2025 సెప్టెంబరులో మిగ్-21లు వీడ్కోలు తీసుకున్నాక మిగిలినవి 29.

అందుకే ఆమ్కాకు ఒకే అంకె చాలదు. కనిష్ఠం, గరిష్ఠం, జీవితకాల నిర్వహణ ఖర్చు మూడూ పార్లమెంటు ముందుంచాలి. ఏటా సవరించాలి. పెరిగితే ఎందుకు పెరిగిందో చెప్పాలి. పన్ను కట్టేవారికి ఆపాటి లెక్క అడిగే హక్కుంది.