భయపెట్టే నవల బాగుందంటే చాలదు



హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్ తెలియనివారు అరుదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో, 1935లో, ఆయన రెండవ కుమారుని పేరిట వెలసిన ఆ రాతి కట్టడాన్నీ, గడియార స్తంభాన్నీ, అక్కడి ఐస్‌క్రీమునూ ఎరిగినవారు ఎందరో. అక్కడినుంచి ఆదివారంనాడు ఆబిడ్స్ వైపు కొద్ది దూరం నడిస్తే, మూసిన దుకాణాల ముందు కాలిబాట పొడవునా పాత పుస్తకాలు పరచి ఉంటాయి. వాటిలో ఇంజనీరింగు పుస్తకాల పక్కనే దయ్యాల నవలలూ, మాంత్రికుల కథలూ ఉంటాయి. ఒకరు పుస్తకం చేతిలోకి తీసుకోగానే పక్కనున్న అపరిచితుడు, "అది చదివారా? రాత్రంతా నిద్ర పట్టదు సుమండీ" అని మెచ్చుకోలుగా చెప్పడం అక్కడ సర్వసాధారణం.

ఒక వైద్యునిగా నాకు ఆసక్తి కలిగించేది ఆ మెచ్చుకోలే. నిద్ర పట్టకపోవడం ఏ మందుకైనా దుష్ఫలితమే. భీభత్స నవలకు మాత్రం అది యోగ్యతాపత్రం! అలాగని ఈ నవలలు చదవవద్దని చెప్పబోవడం లేదు. చదవండి. అయితే చదివినదాన్ని గురించి నలుగురితో మాట్లాడేటప్పుడు "భలే భయపెట్టింది" అన్న ఒక్క మాటతో ఆగిపోవద్దని మాత్రం కోరుతున్నాను. ఆ మాట తరువాత చెప్పవలసినది చాలా ఉంది. అది చెప్పకపోవడం వల్ల కొన్ని ఇళ్లలో నిజమైన కీడు జరుగుతున్నది.

ముందుగా భయం సంగతి చూద్దాం. అపాయాన్ని పసిగట్టడంలో మెదడులోని అమిగ్డలా అనే చిన్న భాగానిది ముఖ్యపాత్ర. దాని సంకేతంతో అడ్రినలిన్ విడుదల అవుతుంది, గుండె వేగం హెచ్చుతుంది, అరచేతులు చెమరుస్తాయి. నవలలోని దయ్యానికి కూడా శరీరం కొంతవరకు ఇలాగే స్పందిస్తుంది. కానీ ఇది కథేనని, పుస్తకం మూస్తే చాలునని, మెదడులోని ఆలోచనా కేంద్రాలు వెంటనే సర్దిచెబుతాయి. అందుకే ఆరోగ్యవంతులకు ఈ భయం వినోదం అవుతుంది. పుస్తకం మూసిన తరువాత కలిగే ఉపశమనం కూడా ఆ ఆనందంలో భాగమే.

ఇక నిద్ర. అర్ధరాత్రి మెలకువ వచ్చి, కాలూ చేయీ కదలక, గుండెలమీద ఎవరో కూర్చున్నట్టు తోచిన అనుభవం మీలో కొందరికి ఉండవచ్చు. మన పల్లెల్లో దీన్ని దయ్యం పట్టడంగా చెప్పుకుంటారు. వైద్యంలో దీని పేరు నిద్ర పక్షవాతం. కలలు వచ్చే నిద్రాదశలో మనం కలలోని పనులను నిజంగా చేయకుండా మెదడు కండరాలను తాత్కాలికంగా సడలించి ఉంచుతుంది. ఆ సడలింపు తొలగకముందే మెలకువ వస్తే కదలలేము. కల తాలూకు రూపాలు గదిలో ఉన్నట్టే కనిపిస్తాయి. కొన్ని సెకన్లలో, మహా అయితే కొద్ది నిమిషాల్లో అది దానంతట అదే పోతుంది. నిద్ర చాలనివారిలో, వెల్లకిలా పడుకునేవారిలో ఎక్కువ. రాత్రి రెండు గంటలదాకా దయ్యాల నవల చదివినవారికి ఇది వస్తే తప్పు నవలలోని దయ్యానిది కాదు, కోల్పోయిన నిద్రది.

ఇంతవరకు ప్రమాదం స్వల్పమే. అసలు చిక్కు వేరేచోట ఉంది.

తెలుగులో ఇటువంటి నవలల ప్రసక్తి రాగానే అందరికీ గుర్తుకువచ్చేది యండమూరి వీరేంద్రనాథ్ గారి "తులసిదళం". 1980ల ఆరంభకాలంలో ఆంధ్రభూమి వారపత్రికను ఎదురుచూసి కొనిపించిన ధారావాహిక అది. తులసి అనే పసిపాపపై జరిగే చేతబడి చుట్టూ అల్లిన కథ. అభిమానులు అసంఖ్యాకం. విమర్శ కూడా అంత తీవ్రంగానే వచ్చింది. రంగనాయకమ్మగారు తన విమర్శ గ్రంథానికి "తులసిదళం కాదు గంజాయిదమ్ము" అని పేరు పెట్టారంటే ఆనాటి వేడి ఊహించుకోవచ్చు. క్షుద్ర సాహిత్యం అన్న మాట ఆ చర్చల్లో బాగా నలిగింది. ఆ వాదంలో మీరు ఏ పక్షాన ఉన్నా, పాఠకులు ఒక నవల మంచిచెడ్డలను గురించి అంత పట్టుదలగా వాదించుకోవడం ఆరోగ్యలక్షణమని నా అభిప్రాయం. కథను కథగా నిలబెట్టేది ఆ వాదమే. ఒంటరిగా చదివి, ఎవరితోనూ అనుకోక, మనసులో దాచుకున్న భయమే నమ్మకంగా గడ్డకడుతుంది.

"కథ కథే కదా, ఎవరు నమ్ముతారు?" అని మీరు అడగవచ్చు. చదువుకునేటప్పుడు ఎవరూ నమ్మరు. ఇంట్లో ఒక బిడ్డకు హఠాత్తుగా మూర్ఛ వచ్చినప్పుడు, కోడలు ఉన్నట్టుండి వింతగా మాట్లాడినప్పుడు, అంతవరకు నమ్మనివారి మనసులో కూడా ఎక్కడో చదివిన ఘట్టం మెదులుతుంది. మూర్ఛవ్యాధిని సరిగ్గా గుర్తించి మందులు వాడితే సుమారు 70 శాతం మంది ఫిట్స్ లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అయినా మందు కన్నా ముందు తాయెత్తు వస్తుంది. మరో ఉదాహరణ చెబుతాను. 2007లో డాక్టర్ జోసెప్ డల్మావ్ బృందం ఒక మెదడువాపు వ్యాధిని స్పష్టంగా వర్ణించింది. శరీరంలోని రక్షణ వ్యవస్థే మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకాలపై దాడి చేయడం దాని కారణం. యువతులలో ఎక్కువ. భ్రమలు, కేకలు, ముఖం వంకరలు, ఒళ్లు బిగుసుకుపోవడం: చూసేవారికి అచ్చం పూనకమే. సకాలంలో గుర్తిస్తే చాలామంది కోలుకుంటారు. భూతవైద్యుని ముంగిట గడిచిన వారాలు ఆ రోగికి తిరిగి రావు.

రోగికి ఆలస్యం కావడం ఒక నష్టం. రెండవది ఇంకా ఘోరం. చేతబడి జరిగిందని నమ్మిన ఇంట్లో తరువాతి ప్రశ్న, "ఎవరు చేశారు?" అన్నదే. బాణామతి అనుమానంతో కొట్టి చంపారన్న వార్తలు మన పత్రికల్లో పదేపదే చదివాము. అలా వేలెత్తి చూపబడేది తరచుగా వృద్ధులో, దిక్కులేని స్త్రీలో. నవలలోని మాంత్రికునికి కథ ముగిశాక ఏ బాధా లేదు. ఊళ్లోని ముసలమ్మకు మాత్రం ప్రాణం పోతుంది.

అయితే ఈ పాపమంతా నవలలదే అనడం న్యాయం కాదు. నవల అన్నదే ఎరుగని ఊళ్లలోనూ బాణామతి భయం తరతరాలుగా ఉంది. పుస్తకాలు నిషేధిస్తే అది పోదు. పొరుగున మహారాష్ట్ర 2013లోనూ, కర్ణాటక 2017లోనూ చేసిన చట్టాలు చూడండి. అవి క్షుద్రప్రయోగాల పేరిట జరిగే అమానుష చర్యలను శిక్షిస్తాయి తప్ప, కథలను శిక్షించవు. అదే సరైన దారి.

అద్భుత కథల విషయం కొంత భిన్నం. 1954లో చందమామలో మొదలైన "తోకచుక్క" నుంచి దాసరి సుబ్రహ్మణ్యంగారు వరుసగా రాసిన ధారావాహికలూ, వాటికి చిత్రా గీసిన బొమ్మలూ ఎన్ని తరాల పిల్లలను భయపెట్టి, నవ్వించి, నిద్రపుచ్చాయో! ఆ కథల్లో రాక్షసుడికి ఒక ఎల్ల ఉంటుంది, నాయకునికి ఒక ఉపాయం ఉంటుంది, ముగింపు ఉంటుంది. భయాన్ని దాటవచ్చునన్న ధైర్యం పిల్లవాడు అక్కడ నేర్చుకుంటాడు. పెద్దల భీభత్స నవల ఈ భరోసా ఇవ్వదు. కల్పనకూ వాస్తవానికీ నడుమ గీత ఇంకా స్థిరపడని పసివారి చేతికి అది అందనివ్వకండి.

కనుక ఈసారి ఎవరైనా మిమ్మల్ని "ఆ నవల ఎలా ఉంది?" అని అడిగితే, భయపెట్టిందో లేదో చెప్పి ఊరుకోకండి. ఏ వయసువారికి తగునో చెప్పండి. అందులో రోగాన్ని ఏమని చూపారో, వైద్యుణ్ణి మూర్ఖునిగా చిత్రించారేమో చెప్పండి. కథ ముగిశాక మీకు ఎవరో ఒక నిజమైన మనిషి మీద అనుమానం పుట్టిందా, లేదా కేవలం కల్పితపాత్ర మీదనే కోపం మిగిలిందా అన్నది కూడా చెప్పండి. ఇలా మాట్లాడుకుంటే ఆనందం తగ్గదు, పెరుగుతుంది. 1897 నాటి "డ్రాకులా"నే తీసుకోండి. రక్తపిశాచాల జనశ్రుతికి రేబీస్ వ్యాధి మూలం కావచ్చునని 1998లో స్పెయిన్ నాడీవైద్యుడు హువాన్ గోమెజ్ అలోన్సో ప్రతిపాదించారు. కాటుతో సోకడం, రాత్రుళ్లు నిద్రలేకపోవడం, వెలుగునూ వాసనలనూ సహించలేకపోవడం అందుకు ఆయన చూపిన పోలికలు. ఇది తెలిసి చదివితే నవల రుచి ఇంకాస్త హెచ్చుతుంది తప్ప తగ్గదు.

చివరగా కొన్ని ఆచరణీయమైన మాటలు. ఇటువంటి పుస్తకాలను పడుకునే ముందు కాక, పగటివేళ చదవండి. ఇప్పటికే ఆందోళన, దిగులు, భ్రమలు ఉండి మందులు వాడుతున్నవారు కొంతకాలం వీటికి దూరంగా ఉండటం మేలు. ఇంట్లో ఎవరికైనా చెవిలో మాటలు వినిపించడం, అకారణమైన అనుమానం, ఫిట్స్ కనిపిస్తే మంత్రగానికోసం వెతకకండి. ఫిట్స్ ఆగకుండా వస్తుంటే ఒక్క నిమిషమూ వృథా చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మానసిక సమస్యలకు టెలి మానస్ వారి 14416 సంఖ్యకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

దయ్యం పుస్తకంలో ఉన్నంతకాలం అది మనకు వినోదం. దాన్ని అక్కడే ఉంచడం మన మాటల్లో ఉంది.