తాతకు అక్షరాలు నేర్పే మనవలు

తాతకు దగ్గులు నేర్పినట్టు అని మనకో సామెత. పెద్దవాళ్లకు పిల్లలు నేర్పేదేముంటుందని అందులోని ఎత్తిపొడుపు. తెలుగు రాష్ట్రాల బయట స్థిరపడ్డ మన ఇళ్లలో మాత్రం ఆ సామెతను కొంచెం సవరించుకోవాలి. మన తాతలకు, అవ్వలకు దగ్గులు నేర్పనక్కర్లేదు. అక్షరాలు నేర్పాలి. చాలా ఇళ్లలో ఆ పని చేయగలిగింది ఒక్కరే, తెలుగు బడిలో రెండో తరగతో మూడో తరగతో చదివే మనవడు, లేదా మనవరాలు.

ఇది తాతల తప్పు కాదు. హోసూరు వైపు వాళ్లు తమిళ బడికి వెళ్లారు. కోలారు, బళ్లారి వైపు వాళ్లు కన్నడం చదివారు. షోలాపూరులో మగ్గాల మధ్య పెరిగినవాళ్లు మరాఠీ, బరంపురం వాళ్లు ఒడియా నేర్చారు. అసలు బడి మొహమే చూడనివాళ్లూ ఉన్నారు. నోట్లో తెలుగు నిలిచింది, చేతికి మాత్రం రాలేదు. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు సుమారు 42 లక్షలు. వారిలో తెలుగు చదవగలిగినవాళ్లు ఎందరో ఆ లెక్క చెప్పదు.

అందుకే తల్లిదండ్రులకు మేము చెప్పేది ఒక్కటే. రోజుకు పావుగంట పిల్లల వాచకం తాత ముందు, అవ్వ ముందు తెరవనివ్వండి. వాళ్లు పిల్లలకు పాఠం ఒప్పజెప్పించుకోవడానికి కాదు, పిల్లల దగ్గర నేర్చుకోవడానికి.

ఇది అనుకున్నంత కష్టం కాదు. కన్నడం చదివిన తాతకు సగం పని అయిపోయినట్టే. తలకట్టు తీరు మారుతుంది, క, త, శ వంటి కొన్నిటి రూపం వేరు, మిగతావి చాలావరకు చూసిన మొహాలే. తమిళం చదివిన అవ్వకు అసలు చిక్కు వర్గాక్షరాల దగ్గర వస్తుంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. గంప, కంప అని ఆమె నోరు ఏనాడూ తడబడలేదు. ఆ రెంటినీ వేరువేరుగా రాస్తారని మనవరాలు చూపిస్తే చాలు. మరాఠీ, ఒడియా చదివినవాళ్లకు వర్గాలన్నీ తెలుసు కానీ ఎ, ఏలకూ ఒ, ఓలకూ వేరు గుర్తులు కొత్త. నెల, నేల పక్కపక్కన రాసి చూపిస్తే అదీ తేలిపోతుంది. నోటికి ముందే తెలిసినదాన్ని కంటికి చూపించడమే ఇక్కడ పిల్లల పని.

అక్షరాల వెంట తాతలు నేర్చుకునేది ఇంకొకటి ఉంది. పిల్లలు మొహమాటపడరు. "తప్పు తాతా, మళ్లీ రాయి" అనేస్తారు. అరవై ఏళ్లు దాటాక ఆ మాట పడటం తేలిక కాదు. పడ్డవాళ్లకు మాత్రం తప్పు దిద్దించుకోవడం ఎలా ఉంటుందో గుర్తొస్తుంది. ఆ తర్వాత పిల్ల తెలుగులో తడబడితే నలుగురి ముందు నవ్వరు. మన ఇళ్లలో ఎందరో పిల్లలు తెలుగు మాట్లాడటం మానేసేది ఆ నవ్వుకు జడిసే.

ఇక ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ పాఠం సాగుతుంటే పేచీ వచ్చేది మాటల దగ్గర. అవ్వ ఉర్లగడ్డ అంటుంది, పుస్తకంలో బంగాళాదుంప అని ఉంటుంది. ఎర్రగడ్డకు ఉల్లిపాయ, తెల్లగడ్డకు వెల్లుల్లి, అలసందలకు బొబ్బర్లు. పిల్ల ఇంటికి వచ్చి "నీ మాట తప్పు అవ్వా" అన్నదంటే, ఆ మరునాటి నుంచి అవ్వ పుస్తకం ముందు కూర్చోదు. పిల్ల నోట్సులో ఉర్లగడ్డ అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేయకండి. పక్కన బంగాళాదుంప అని కూడా రాయించండి. రెండూ తెలుగే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి ఇప్పటి ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న మన బడుల్లో పాటలు, ఉపన్యాసాలు ఉండనే ఉంటాయి. ఈసారి వాటితో పాటు పిల్లలు తమ తాతల మాటలు పదేసి రాసి తెచ్చి గోడకు అంటించేలా చూడండి. పితికిపప్పు అంటే ఏమిటో, పడుగు, పేక అంటే ఏమిటో తరగతిలో మిగతావాళ్లకూ తెలుస్తుంది.

పిల్లల మీద ఇదొక అదనపు భారం కదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక తమిళం తప్పనిసరి అయింది, ఇంగ్లీషు ఎలాగూ ఉంది, తెలుగుకు బడిలో దొరికే సమయం తక్కువ. ఆ సమయం తక్కువ కాబట్టే ఇంట్లో పావుగంట కావాలంటున్నాం. ఒకరికి నేర్పిన పాఠం తనకూ గట్టిపడుతుందని పాఠం చెప్పే మనందరికీ తెలుసు.

అలాగని ఇల్లు బడికి బదులు కాదు. ప్రాథమిక స్థాయిలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించే ఏర్పాట్లకు రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. టీచర్ల కోసం, వాచకాల కోసం అడగడం మానకూడదు. అడిగేటప్పుడు అర్జీ కింద వేలిముద్రలు, ఇతర లిపుల సంతకాలతో పాటు తాతల, అవ్వల తెలుగు సంతకాలు కూడా ఉంటే, మాకు ఈ భాష కావాలన్న మాటకు బలం వస్తుంది.

మొదలుపెట్టడానికి ఖర్చు లేదు. వచ్చే పరీక్షల తర్వాత ప్రోగ్రెస్ కార్డు ఇంటికి పంపేటప్పుడు, తల్లిదండ్రుల సంతకం కింద మరో గీత గీయండి. అక్కడ తాతో అవ్వో తెలుగులో తమ పేరు రాయాలి. నేర్పే పూచీ పిల్లలది.