వీథి బాగునకు వెల యెవ్వరిది?

మేము కాపురముండు వీథి చాల పాతది. ఎదురెదురుగ వచ్చిన రెండు బండ్లు తప్పుకొనలేవు. వానకాలమున గడప దాటిన మోకాలిబంటి నీరు. దీనిని వెడల్పుచేసి, ఇరువైపుల మురుగుకాలువలు కట్టి, సిమెంటు వేయింపవలయునని వీథివారందఱును కోరిరి. మేమును కోరితిమి, అర్జీ వ్రాసినదియు మేమే. కావున నీ వ్యాసమును బాట యక్కఱలేదనువాని గొణుగుడుగా చదువరులు తలంపకుందురు గాక.

చిక్కంతయు సొమ్ము దగ్గఱ వచ్చినది. వ్యయములో కొంతభాగము వీథివారే భరింపవలెననిరి. మంచిదే. ఎవరి వంతెంత యన్న ప్రశ్న రాగా, పెద్దలలో నొకరు టేపు తెప్పించి, "వీథివైపు గోడ యెవరి కెన్ని గజములో వారి కన్ని వంతులు" అని తేల్చివేసిరి. సభవారు చప్పట్లు కొట్టిరి. లెక్క సులభము, టేపునకు బంధువులు లేరు, ఇక పక్షపాతమునకు చోటెక్కడిది?

అంతలో వీథి నడుమనున్న పెంకుటింటి మామ్మగారు లేచి, "నా అరుగు రెండు గజాలు బాటలో పోతుంది, ఆ జాగా ఊరికే రాసి ఇమ్మంటున్నారు. అరుగూ నాదే, డబ్బూ నాదేనా నాయనా?" అని యడిగిరి.

"మీ యింటి విలువ రెట్టింపవుతుంది మామ్మగారూ!" అని పెద్దమనిషి నవ్వుచు ననెను.

"అమ్ముకుంటే కదా బాబూ" అని యామె కూర్చుండిరి.

ఆ రెండు మాటలకును సభలో నెవ్వరును బదులు చెప్పలేదు. తరువాతి విషయమునకు బోయిరి. బదులు చెప్పక పోవుటకు వీలులేదని మా వాదము.

మామ్మగారి ప్రశ్న మా వీథిలో బుట్టినది కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రమున నార్వుడ్ అను నొక యూరు కలదు. పందొమ్మిదవ శతాబ్ది చివర నచ్చటి పాలకులు ఎలెన్ బేకర్ అను నామె భూమి నడుమనుండి క్రొత్త వీథి తీసిరి. పోయిన భూమికి 2,000 డాలర్లు వెలకట్టి యామె కిచ్చిరి. ఇచ్చి యూరకుండిరా? ఆ సొమ్మునే వీథి తీసిన ఖర్చుగా వ్రాసికొని, వెలకట్టుటకైన వ్యయమును, వకీళ్ల రుసుమును దానికి జేర్చి, వీథి కిరువైపుల మిగిలిన యామె భూమిమీదనే యడుగున కింత యని పన్ను వేసిరి. కుడిచేత నిచ్చినదానిని కూలితో గూడ నెడమచేత లాగికొనుట యన్న నిదియే. 1898లో ఆ దేశపు సుప్రీంకోర్టు, భూమికి గలిగిన విశేషలాభమును మిక్కిలిగా మించి వసూలుచేయుట పరిహార మీయక సొత్తును గైకొనుటయే యని తీర్పు చెప్పినది. అయితే మూడేండ్లు తిరుగకముందే, 1901లో, కాన్సస్ సిటీలో తారుబాట వేసిన వ్యాజ్యమున, ఆ న్యాయస్థానమే యడుగుల లెక్కను సమ్మతించినది. మొదటి తీర్పున న్యాయము గలదు. రెండవదాన ననుకూలత మాత్రము గలదని మాకు దోచుచున్నది.

దీనినిబట్టి యిండ్లవారినుండి యేమియు దీయరాదని మేమనుట లేదు. పారిసు నగరమును జూడుడు. ఓస్మాను దొర నగరము నడుమ విశాలవీథులు తీసినపుడు, ఆ వీథుల ప్రక్క స్థలములు బంగారమైనవి. బాట ప్రక్క ఆస్తికి గలిగిన లాభములో సగము వఱకు రాబట్ట వీలిచ్చు శాసన మా దేశమున 1807నుండియే యుండెను. దానిని వాడినది మిక్కిలి యరుదు. పైగా, నగరము కొనిన భూమిలో బాటకు జాలగా మిగిలినది యజమానుల కీయవలెనని 1858లో నిర్ణయమయ్యెను. లాభము వారికి, అప్పు నగరమునకు! సొమ్మొకడిది సోకొకడిది. అట్టిచో ఆ యప్పు దీర్చువారిలో వీథి మొగమైన నెఱుగని పేటలవారును జేరుదురు గదా. కాబట్టి లాభపడినవాడు పంచుకొనవలసినదే. మన సీమలోను 1920 నాటి మద్రాసు పట్టణ నిర్మాణ చట్టము బాగుపడిన స్థలములనుండి విరాళము రాబట్టుటకు దారి చూపినది. దేనినిబట్టి? పెరిగిన విలువనుబట్టి. గోడపొడవునుబట్టి కాదు.

గోడపొడవు దేనిని గొలుచును? మన పాతవీథులలో, తాతలనాడు నలుగురన్నదమ్ములు కలసియున్న యిల్లు వెడల్పుగ నుండును. నేడందు ఫించనుతో బ్రదుకు నొక వృద్ధురాలు మిగిలియుండును. వీథి మొగలోని వర్తకునకు గోడ పది యడుగులే. కాని వెనుకకు నూఱడుగులు, మీదికి మూడంతస్తులు, క్రింద మూడు దుకాణములు. బాట వెడల్పైన మఱునాడే యతని యద్దెలు పెరుగును. మామ్మగారి అరుగు తఱుగును. టేపు ఆమెకు మూడు వంతులు, అతని కొక వంతు వ్రాయుచున్నది! దీనికి బక్షపాతము లేదనుట యెట్లు? టేపున కెవరును బంధువులు లేకపోవచ్చును గాని, టేపును దెచ్చినవానికి వీథి మొగను దుకాణమున్నది.

మఱియొక సంగతి. ఆంధ్రప్రదేశమున 2021లో ఇంటిపన్ను అద్దెవిలువ లెక్కనుండి మూలధనపు విలువ లెక్కకు మార్చిరి. బాటవలన విలువ పెరిగిన, ఆ పెరుగుదలకు పన్నురూపమున నేటేట నెటులును చెల్లింపవలసియుండును. అదే పెరుగుదలను సాకుగా జూపి మొదటనే మొత్తముగ గుంజుట యొకే పండును రెండుమార్లు కోయుట కాదా? పండిన పండునే కోయవలెను, పచ్చికాయ గోసిన ప్రజ తిరుగబడునని కౌటిల్యుడు రాజులకు జెప్పెను. ఆయన మెతకమనిషి యని యెవ్వరు నెన్నడు ననలేదు. ఇల్లమ్మినపుడో, మీద నంతస్తు లేపినపుడో, ముందుగదిని దుకాణముగ మార్చినపుడో విలువ పండును. అపుడు భాగ మడుగుడు, ఎక్కువగనే యడుగుడు. కాపురముండు ముసలమ్మ చేతిలో విలువ కాయయే.

సభలో మేము కోరినది పెద్దదేమియు గాదు. బాటలో పోవు స్థలమునకు ముందు వెలకట్టి, దానిని వంతులో దగ్గింపవలెను. తగ్గించిన పిదప మిగులు బాకీ యున్న, లాభము చేతికి వచ్చినపుడే వసూలు కావలెను. దుకాణములకు గోడ గాక నేలయు నంతస్తులును లెక్కకు రావలెను. అద్దెకుండువారిమీదికి దీనిని నెట్టరాదని మఱియొకటి గూడ వ్రాసితిమి గాని, ఇండ్లున్నవారి సభలో దాని జదువనే లేదు.

"పంతులుగారూ, ఇన్ని లెక్కలు వేయుచు గూర్చున్న మనవలనాటికైన బాట పడునా?" అని యొక మిత్రుడు వేళాకోళ మాడెను. లెక్క వేయుటకు మాకు రెండు రాత్రులు పట్టినది. మొత్తము నలువదియొక్క ఇల్లు. ఆ కాగితమును వీథి పెద్దల కందఱకు నిచ్చితిమి. మా గోడ తొమ్మిది గజములు. టేపు లెక్కను మాకు వచ్చు వంతుకంటె మా లెక్కను వచ్చునది కొంచె మెక్కువయే. ఆ సొమ్ము సిద్ధముగ నున్నది. మామ్మగారి అరుగునకు వెలకట్టిన దినముననే దానిని చెల్లింతుమని వ్రాసి, క్రింద సంతకము చేసితిమి. ఇప్పటి కాఱుగురు చేరిరి.