పింఛను సరే, మన వికలాంగ పిల్లలకు బడి ఏది?



ఏజెన్సీలో చదువు అనగానే గుర్తొచ్చేవి ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు. టీచర్ లేడని, హాస్టల్లో జ్వరాలని ఐటీడీఏ ముందు ధర్నాలు చేస్తూనే ఉన్నాం. చేయాలి కూడా. కానీ ఆ హాస్టల్ గడప దాకా రాలేని పిల్లలు మన గూడేల్లో ఉన్నారు. నడవలేని పాప, మాట రాని బాబు, వయసుకు తగ్గట్టు బుద్ధి ఎదగని పిల్లలు. వాళ్ల గురించి ఎవరడుగుతున్నారు?

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మన ఆదివాసీలను పట్టి పీడిస్తున్న సికిల్ సెల్ కూడా అందులో ఉంది. ఆ చట్టం 31వ సెక్షన్ ఏం చెబుతోంది? 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో గానీ, తమకు నచ్చిన ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకోవచ్చు. ఇది ఎవరి దయా కాదు, హక్కు. కానీ నచ్చింది ఎంచుకోవాలంటే ముందు ఒక బడైనా ఉండాలి కదా!

ప్రత్యేక పాఠశాల అంటే పిల్లల్ని కూర్చోబెట్టి కాపలా కాసే చోటు కాదు. ఒక్కో పిల్లకు ఒక్కో ప్రణాళిక ఉంటుంది. తన చేత్తో తాను అన్నం తినడం, బట్టలు వేసుకోవడం, బాత్రూంకి వెళ్లాలని చెప్పగలగడం, ఇవన్నీ అక్కడ పాఠాలే. చెవిటి పిల్లలకు సైగల భాష, చూపు లేని పిల్లలకు బ్రెయిలీ, బిగుసుకుపోయిన కాళ్లకు ఫిజియోథెరపీ. కాస్త పెద్దయ్యాక చేతిపని నేర్పుతారు.

బాగుపడేది పిల్లలొక్కరే కాదు, ఇల్లు మొత్తం. మన ఇళ్లల్లో ఇలాంటి బిడ్డ ఉంటే తల్లి పోడుకీ వెళ్లలేదు, ఉపాధి పనికీ వెళ్లలేదు. లేదా అక్క బడి మానేసి తమ్ముడికి కాపలా ఉంటుంది. బిడ్డ పగలంతా బడిలో ఉంటే తల్లికి కూలి, అక్కకు చదువు దక్కుతాయి. ఇంటి దగ్గర ఏ వ్యాయామం ఎలా చేయించాలో టీచర్ నేర్పుతారు. సదరం సర్టిఫికెట్‌కి ఏం చేయాలో చెప్పేవాళ్లుంటారు. ఇది చేతబడి కాదు, నీ తప్పు కాదు అని తల్లితో చెప్పే మనిషి దొరకడం కూడా చిన్న విషయం కాదు.

మరి ఇప్పుడేం ఉంది? మండలానికి భవిత కేంద్రాలున్నాయి. మంచి ఆలోచనే. కానీ రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసే కొండ మీది ఊరి నుంచి, నడవలేని బిడ్డను రోజూ మండల కేంద్రానికి ఎలా తెస్తారు? బస్సే రాని చోట రవాణా భత్యం ఏం చేసుకోవాలి?

భాష సంగతి ఇంకోటి. ఇంట్లో కువి, కోయ, సవర వినే బిడ్డకు మాటలు తెలుగులోనే నేర్పితే ఆ కష్టం రెట్టింపు కాదా? మన భాషల్లో బడి పుస్తకాలు వచ్చాయి కదా, ఈ పిల్లలకు మాత్రం ఎందుకు లేవు?

"ప్రత్యేక బడి అంటే పిల్లల్ని వేరు చేయడమే" అని కొందరు మిత్రులు అంటారు. ఆ భయంలో నిజం ఉంది. అందరితో కలిసి చదవగలిగిన బిడ్డ ఊరి బడిలోనే చదవాలి. అందుకే ప్రాథమిక బడుల్లో ఇలాంటి 10 మంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసింది. కానీ రోజూ థెరపీ కావాల్సిన బిడ్డకు ప్రత్యేక బడి తప్పదు. ఏది కావాలో ఆ కుటుంబమే తేల్చుకోవాలి.

మన డిమాండ్లు:

1. ప్రతి ఐటీడీఏ పరిధిలో హాస్టల్ వసతితో ఒక ప్రత్యేక పాఠశాల పెట్టాలి. తల్లి వచ్చి ఉండేందుకు గదులు కట్టాలి.

2. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఆదివాసీ యువతకు స్పెషల్ బీఈడీ ఉచితంగా చదివించి, అక్కడే ఉద్యోగాలివ్వాలి.

3. సదరం శిబిరాలు మన వారపు సంతల దగ్గరే పెట్టాలి.

4. 18 ఏళ్లు దాటాక ఇంటికి పంపేయకుండా పని, ఉపాధి చూపాలి.

పింఛను కడుపు నింపుతుంది, కాదనం. కానీ బతుకు నేర్పేది బడే. వచ్చే గ్రామసభలో మీ ఊళ్లో బడికి పోలేని ప్రతి బిడ్డ గురించీ మాట్లాడండి, తీర్మానం రాయించండి. ఐటీడీఏ పీవోకి ఇచ్చే అర్జీలో మొదటి డిమాండ్ ఇదే కావాలి.

జై ఆదివాసీ!