అందరూ బతికారు కదా అని వదిలేస్తే...

మన బరంపురం గ్రూపులో విదేశాల్లోని పిల్లల స్కైడైవింగ్ ఫొటోల కింద ఎప్పుడూ ఒకటే మాట: "ప్యారాచూట్ జాగ్రత్త నాయనా!" సరే, పైకి తీసుకెళ్లే విమానం గురించి ఒక్కరూ అడగరేం?

2016 జూలైలో కాలిఫోర్నియాలో ఒక కింగ్ ఎయిర్ విమానం గింగిరాలు కొడుతూ కిందికి జారింది. తోకలో కొంత భాగం ఊడిపోయింది. 14 మంది దూకి బతికారు, పైలట్ విమానాన్ని దించాడు. అందరూ క్షేమం! బాగుచేసి మళ్లీ ఎగరేశారు. 2019 జూన్ 21న హవాయిలో అదే విమానం లేచిన క్షణాల్లోనే కూలి 11 మంది పోయారు. ప్యారాచూట్లు ఉన్నా దూకేంత ఎత్తే లేదు.

పైలట్ దూకుడుగా తిప్పాడని దర్యాప్తు బోర్డు తేల్చింది, నిజమే. కానీ ఎడమ రెక్క మెలితిరిగి ఉందనీ, దాన్ని ఎవరూ కనిపెట్టి బాగుచేయలేదనీ, ఎఫ్.ఏ.ఏ. నిబంధనలే చాలవనీ కూడా అదే బోర్డు రాసింది. ఈ విమానాల మీద నిఘా చాలదని 2008లోనే మొత్తుకుంది!

"సాహసం కదా, సంతకం పెట్టే ఎక్కారు" అనేవాళ్లతోనే నా పేచీ. సంతకం పెట్టింది గాల్లోకి దూకడానికి, వంకర రెక్క విమానం ఎక్కడానికి కాదు. (ఆ కాగితం పూర్తిగా చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.)

ఇకమీదట ఫొటో కింద ఇంకో ప్రశ్న కూడా పెట్టండి: ఈ విమానానికి ఇదివరకు ఏమైనా జరిగిందా, ఆ రిపోర్టు చూపించమని అడిగావా?