బోర్డు చదివేది అమ్మే

పోయిన వేసవి సెలవుల్లో మా అబ్బాయినీ, ఆడపడుచు కూతుర్నీ వెంటబెట్టుకుని ఓ సైన్సు మ్యూజియానికి వెళ్లాను. అక్కడ గుండ్రంగా తిరిగే స్టూలొకటి ఉంది. చేతుల్లో బరువులు పట్టుకుని, రెండు చేతులూ బార్లా చాపి దానిమీద కూర్చోవాలి. పక్కవాళ్లు మెల్లగా తిప్పాలి. చేతులు గుండెల దగ్గరకు తెచ్చుకున్నామా, స్టూలు గిర్రున వేగం అందుకుంటుంది. మావాడు ఎక్కాడు, తిరిగాడు, దిగీ దిగగానే "ఎందుకమ్మా అలా?" అన్నాడు.

పక్కనే తెలుగు బోర్డు. గొంతు సవరించుకుని చదివాను. 'కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం, బాహ్య టార్క్ లేనప్పుడు జడత్వ భ్రామకం తగ్గిన కొద్దీ కోణీయ వేగం పెరుగును.' అందులో తప్పేం లేదు. కానీ డిగ్రీ చదివిన నాకే నోరు పెగల్లేదు. "ఇంటికెళ్లాక నాన్ననడుగు" అనేశాను. పన్నెండేళ్ల మేనకోడలు నా పక్కనే నిలబడి వింటోంది. సైన్సంటే నాన్నల్ని అడగాల్సిన సంగతని ఆ పిల్ల అనుకుంటే తప్పెవరిది? సగం నాదే. మిగతా సగం మాత్రం ఆ బోర్డు రాసినవాళ్లది.

మ్యూజియంలో పిల్లలు మీటలు నొక్కుతారు, చక్రాలు తిప్పుతారు. నిలబడి చదివేది ఎక్కువగా తల్లులే, కావాలంటే ఈసారి వెళ్లినప్పుడు గమనించండి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పాలెట్ మెక్‌మానస్ అనే పరిశోధకురాలు సందర్శకుల మాటలు జాగ్రత్తగా విని, 1989లో ఓ వ్యాసం రాశారు. చదవనట్టే కనిపించేవాళ్ల మాటల్లో కూడా బోర్డు మీది మాటలు దొర్లుతున్నాయట! అంటే ఒకరు చదివి నలుగురికి చెప్పే సంగతి అది. చెప్పడానికి వీలుగా లేని బోర్డు ఎందుకు?

నేనైతే ఇలా రాస్తాను: 'చేతులు చాపి కూర్చోండి. మెల్లగా తిప్పమనండి. ఇప్పుడు చేతులు ముడవండి. వేగం పెరిగిందా? చేతులు చాపినప్పుడు బరువులు స్టూలు మధ్య కమ్మీకి దూరంగా, పెద్ద చుట్టు తిరుగుతాయి. ముడిస్తే చుట్టు చిన్నదవుతుంది. బయటినుంచి ఎవరూ తిప్పకుండా, ఆపకుండా ఉంటే, దూరం తగ్గిన లోటును వేగం పెరిగి పూడుస్తుంది. మంచుమీద స్కేటింగు చేసే అమ్మాయిలు చేతులు ముడుచుకుని గిర్రున తిరిగేది ఇందుకే.' నియమం పేరు ఆ తర్వాత, చివర్న.

"పెద్ద మాటలు నేర్పొద్దా?" అంటారు కొందరు. నేర్పాలి. కానీ బిడ్డ పుట్టాకే కదా బారసాల! పైగా అర్థం విప్పి చెబితే పెద్ద పేరైనా పిల్లలకు ముద్దే. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్న రాక్షసబల్లి అస్థిపంజరం పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. నోరు తిరగదు. అందులో ఉన్నది మన తెలంగాణ పల్లె యామన్‌పల్లి అని చెప్పి చూడండి, పిల్లలు నాలుగుసార్లు అని మరీ నేర్చుకుంటారు.

ఇంగ్లీషులో రాసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని 'పెరుగును', 'తగ్గును' అని దించడం మానాలి. అక్షరాలు కాస్త పెద్దవి కావాలి. అన్నిటికన్నా ముందు, అచ్చు వేయించే లోపల మామూలు కాగితం మీద రాసి, గోడకంటించి, వచ్చినవాళ్లు ఏమంటున్నారో వినాలి. ఇది నా సొంత తెలివేం కాదు. మ్యూజియం బోర్డుల మీదే 1996లో ఓ పుస్తకం రాసిన బెవర్లీ సెరెల్ కూడా ముందు సందర్శకుల దగ్గర పరీక్షించి చూడమనే చెబుతారు.

అన్నట్టు, ఆ రోజు ఇంటికొచ్చి అడిగితే మావారికీ తెలియలేదు. నేనూ, మేనకోడలూ కలిసి ఎదురింటివాళ్ల ఇంటర్ ఫిజిక్సు పుస్తకం తెచ్చుకుని మూడు రోజులు కుస్తీ పట్టాం. పైన రాసిన నా బోర్డును మొదట ఆ పిల్లకే చదివి వినిపించాను. "ఇరుసంటే ఏంటత్తయ్యా?" అంది. ఇరుసు కొట్టేసి 'స్టూలు మధ్య కమ్మీ' అని రాశాను.