కుర్చీలో కూర్చున్నది ఎవరు?

1993 జూలై 5వ తేదీ నాటి 'న్యూయార్కర్' అనే అమెరికా వారపత్రికలో పీటర్ స్టైనర్ అనే చిత్రకారుని వ్యంగ్యచిత్రం ఒకటి వెలువడింది. బల్లమీద పెద్ద పెట్టెవంటి కంప్యూటర్. దాని ముందు కుర్చీలో ఒక కుక్క కూర్చుని, నేలమీదనున్న మరో కుక్కతో మాట్లాడుతోంది. ఇంటర్నెట్‌లో మనం కుక్కలమన్న సంగతి ఎవరికీ తెలియదన్నది ఆ మాటల సారం. జీవుల చిత్రాల విషయంలో ధర్మవేత్తల మధ్యనున్న చర్చ పాఠకులకు తెలిసినదే. అందువల్ల చిత్రాన్ని ముద్రించకుండా మాటలతో సరిపెడుతున్నాము. కుక్క ప్రస్తావనకు నొచ్చుకునేవారికి, గుహవాసులతోపాటు వారి కుక్కను కూడా అల్లాహ్ తన గ్రంథంలో ప్రస్తావించాడని గుర్తుచేస్తే చాలునేమో.

ఆనాటికి మన దేశంలో సామాన్యునికి ఇంటర్నెట్ అందుబాటులోనే లేదు. విదేశ్ సంచార్ నిగమ్ దానిని ప్రజలకు అందించటం ప్రారంభించింది 1995 ఆగస్టు 15న. అయినా ఆ చిన్న బొమ్మ చిరకాలం నిలిచింది. 2023 అక్టోబరులో దాని మూలప్రతి వేలంలో 1,75,000 డాలర్లు పలికింది. ఒక యుగపు స్వభావాన్ని ఒక్క వాక్యంలో పట్టి ఇచ్చిన బొమ్మ కదా!

ఆ స్వభావానికి హదీసు విద్యలో ఎన్నో శతాబ్దాల క్రితమే ఒక పేరున్నది. మజ్‌హూల్, అంటే ఎవరో తెలియనివాడు. ఒక ఉల్లేఖకుని నుండి ఒకే ఒక్కరు ఉల్లేఖించి, అతని గురించి మరెవరూ చెప్పకపోతే అతడు మజ్‌హూలుల్ ఐన్. ఇద్దరో, అంతకు మించినవారో ఉల్లేఖించినా అతడు నమ్మదగినవాడని ఎవరూ చెప్పకపోతే మజ్‌హూలుల్ హాల్. హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మతుల్లాహి అలైహి) తమ 'తఖ్రీబుత్ తహ్‌జీబ్'లో వేలాది ఉల్లేఖకుల స్థితిని ఒకటి రెండు మాటల్లో తేల్చి చెబుతూ, కొందరి పేర్ల పక్కన ఈ ఒక్క మాట రాసి ఊరుకున్నారు. అది నింద కాదు. అతడు చెడ్డవాడని దాని అర్థం కాదు. తెలియనివాని మాటమీద ధర్మాన్ని నిలబెట్టలేమని మాత్రమే. స్టైనర్ గీసిన కుక్కకు ఏది సంబరమో, ముహద్దిసులకు అదే ఆగి ఆలోచించవలసిన చోటు.

2015లో అదే పత్రికలో కామ్రాన్ హఫీజ్ అనే చిత్రకారుడు ఈ బొమ్మను కొత్త కాలానికి తగినట్లు మార్చి గీశాడు. ఈసారి కంప్యూటర్ ముందున్నది యజమాని. కుక్కలు రెండూ నేలమీద కూర్చుని అతణ్ణి చూస్తున్నాయి. ఇంటర్నెట్‌లో మనమెవరో ఎవరికీ తెలియని రోజులు గుర్తున్నాయా అని ఒకటి రెండవదానిని అడుగుతోంది.

ఇరవై రెండేళ్లలో దాగుకునే చోటు కాస్తా తొంగిచూసే చోటుగా మారిపోయింది. మనం ఏమి వెతికామో, ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగామో, ఏ వీధిలో ఉన్నామో, ఎవరెవరి నంబర్లు దాచుకున్నామో అన్నీ ఎక్కడో నమోదవుతున్నాయి. ప్రకటనల వ్యాపారానికి అదే ముడిసరుకు. 2020లో, నమాజు వేళలు తెలిపే ఒక ప్రసిద్ధ యాప్ నుండి వినియోగదారులు ఎక్కడెక్కడ ఉన్నదీ తెలిపే వివరాలు ఆ సమాచారాన్ని అమ్ముకునే సంస్థకు చేరుతున్నాయన్న వార్త వెలువడింది. ఆ సంస్థతో సంబంధం తెంచుకుంటున్నామని యాప్ వారు ప్రకటించవలసి వచ్చింది. ఖిబ్లా దిశ తెలుసుకోవటానికి తెరిచిన కిటికీ గుండా ఎవరో మన ఇంట్లోకి చూశారన్నమాట!

దైవప్రవక్త (సఅసం) ఒకనాడు దువ్వెనవంటి సాధనంతో తల గీరుకుంటూ ఉండగా ఒక వ్యక్తి తలుపు రంధ్రం గుండా తొంగిచూశాడు. నీవు చూస్తున్నావని తెలిసి ఉంటే దీనితో నీ కంట్లో పొడిచి ఉండేవాడినని ఆయన (సఅసం) మందలించారు. అనుమతి కోరాలన్న నియమం పెట్టబడింది చూపు కారణంగానేనని వివరించారు. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం రెండింటిలోనూ ఉన్న ఉల్లేఖనమిది. పాదం గడప దాటకున్నా చూపు దాటితే అది ప్రవేశమే. నూర్ సూరా 58వ ఆయతు మరింత సూక్ష్మంగా ఆదేశిస్తోంది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం దుస్తులు సడలించి విశ్రమించే వేళ, ఇషా తరువాత, ఈ మూడు సమయాల్లో ఇంట్లోని చిన్నపిల్లలు సైతం అనుమతి అడిగే రావాలి. కన్నబిడ్డకే లేని స్వేచ్ఛ అది. కెమెరా, మైకు గల ఫోను మాత్రం సరిగ్గా ఆ మూడు వేళల్లోనే దిండు పక్కన ఉంటోంది. దానిపై మేము ఫత్వా ఇవ్వటం లేదు. ఆ మూడు వేళల్లో దానిని వసారాలో ఉంచే ఇళ్లు కొన్ని మాకు తెలుసు. వారికేమీ లోటు జరగలేదు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 18 ఏళ్లలోపు పిల్లల సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంటోంది. అడగకముందే మనమే ఇచ్చేస్తుంటే చట్టమేమి చేస్తుంది? చంటిబిడ్డ స్నానం మొదలు అమ్మాయి నిఖా ముస్తాబు వరకు స్టేటస్‌లో పెడుతున్నది ఏ కంపెనీవాడూ కాదు.

ఇక నేటి కాలానికి ఆ బొమ్మను మళ్లీ గీయవలసి వస్తే ఎలా గీస్తారని పై తరగతి విద్యార్థులను అడిగాము. కంప్యూటర్ తీసి ఫోను పెట్టాలని పలువురు అన్నారు. ఒక కుర్రవాడు మాత్రం, కుర్చీ ఖాళీగా ఉండాలి, అయినా తెరమీద అక్షరాలు పడుతూనే ఉండాలి అన్నాడు. మాకు ఆ ఊహ నచ్చింది. ప్రశ్న అడిగితే మనిషిలాగే జవాబు రాసే యంత్రాలు ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఉన్నాయి. మనుషులు రాసిన అపారమైన రాతల నుండి, ఏ మాట తరువాత ఏ మాట వస్తుందో నేర్చుకుని వాక్యాలు అల్లుతాయవి. గ్రంథం పేరు, సంపుటి, పేజీ సంఖ్య కూడా వాటికి మాటలే. అందుకే లేని పుటను సైతం తడబడకుండా చెప్పగలవు. దానిని అబద్ధాలకోరు అనలేము, అబద్ధానికి ఉద్దేశం కావాలి. మజ్‌హూల్ అని కూడా అనలేము, దానికైనా ఒక మనిషి ఉండాలి కదా. ఇస్నాద్ ధర్మంలో భాగమని, అది లేకుంటే ఎవరికి తోచింది వారు చెప్పి ఉండేవారని అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మతుల్లాహి అలైహి) చెప్పినట్లు సహీహ్ ముస్లిం పీఠికలో ఉంది. ఎవరూ కాని దాని మాట గురించి వారు ఏమనేవారో!

ఇది తరగతి గదిలో ముగిసే చర్చ కాదు. గత రంజాన్ తరువాత ఒక సోదరుడు మా వద్దకు వచ్చాడు. చెల్లెలి భర్త కోపంలో ఏదో అన్నాడట. ఆ మాటలను ఫోనులోని ఒక యాప్‌లో రాయగా, వివాహబంధం తెగిపోయిందని, ఒక హదీసు ఆధారంతో, పేజీ సంఖ్యతో సహా జవాబు వచ్చింది. అప్పటికి పదకొండు రోజులుగా ఆమె ఇద్దరు పిల్లలతో పుట్టింట్లో ఉంది. గ్రంథం తెప్పించి ఆ పేజీ తీశాము. అక్కడున్నది జకాత్ అధ్యాయం. తలాఖ్ అధ్యాయమంతా వెతికించాము. ఆ హదీసు లేదు.

"పేజీ నంబరు కూడా ఇచ్చింది కదా మౌల్వీసాబ్!" అన్నాడాయన, ఇంకా నమ్మలేక.

భర్త పలికిన మాట సరిగ్గా ఏది, ఏ ఉద్దేశంతో, ఎన్నిసార్లు, ఎవరు విన్నారు? ముఫ్తీ మొట్టమొదట అడిగేవి ఇవే. ఆ యాప్ వీటిలో ఒక్కటీ అడగలేదు. ఆమెనూ అడగలేదు. హదీసు ఏ గ్రంథంలో ఉండవచ్చునో వెతుక్కోవటానికి అటువంటి సాధనాన్ని వాడుకుంటే అభ్యంతరం లేదని, అయితే ఆ గ్రంథాన్ని తెరిచి చూసేవరకు అది జవాబు కాదని ఆయనకు చెప్పాము. ఆ సాయంత్రమే దంపతులిద్దరినీ దారుల్ ఖజాకు పంపాము. అక్కడ ఏమి తేలిందన్నది ఆ ఇంటి సంగతి. పత్రికలో రాసేది కాదు.